నీలకంఠ రొయ్య పిల్లల మేత: తొలి 60 రోజుల లెక్క

మంచినీటి రొయ్యల సాగులో నష్టం చాలాసార్లు పట్టుబడి రోజున బయటపడుతుంది. అది మొదలయ్యేది మాత్రం అంతకు నెలల ముందు, పిల్ల చిటికెడు బరువు కూడా లేని రోజుల్లో. హ్యాచరీలో సుమారు నెల, ఆ తర్వాత నర్సరీలో మరో నెల. ఈ రెండు నెలల్లో పిల్లకు ఏం పెట్టారు, ఎంత సైజులో పెట్టారు, ఏ వేళకు పెట్టారు అన్నదాన్ని బట్టే చెరువులో చివరికి ఎన్ని రొయ్యలు మిగులుతాయో చాలావరకు తేలిపోతుంది.

తెలుగు రైతులు నీలకంఠ రొయ్యగా, ఎగుమతిదారులు స్కాంపిగా పిలిచే ఈ జీవి శాస్త్రీయ నామం మాక్రోబ్రాకియం రోజెన్‌బర్గీ. ప్రపంచంలోని మంచినీటి రొయ్యల్లో అతిపెద్ద జాతుల్లో ఇదొకటి. గోదావరి, కృష్ణా, హుగ్లీ నదుల్లోనూ, కేరళలోని వేంబనాడ్ కాయల్లోనూ సహజంగా పెరుగుతుంది. ఉప్పునీటి టైగర్ రొయ్య తెల్లమచ్చల వైరస్‌తో దెబ్బతిన్నాక నెల్లూరు ప్రాంతంలో చాలామంది రైతులు దీనివైపు మళ్లారు. 2005–06 నాటికి దేశంలో సాగు దిగుబడి 40 వేల టన్నులు దాటింది. అందులో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే అది కుప్పకూలింది. పిల్లలను చంపే వ్యాధి, ఒకే వంశంలో పదేపదే సంకరం వల్ల తగ్గిన ఎదుగుదల, 2009లో వనామీకి అనుమతి రావడం ఇందుకు ప్రధాన కారణాలు. ఇప్పుడు మెరుగుపరిచిన విత్తనంతో మళ్లీ ఈ సాగుపై ఆసక్తి కనిపిస్తోంది. ఈ నేపథ్యంలో పిల్ల దశ పోషణను వివరంగా తెలుసుకోవలసిన అవసరం ఉంది.

రెండు నీళ్ల జీవితం

ఈ రొయ్య పెరిగేది మంచినీటిలో. పిల్ల బతికేది మాత్రం ఉప్పు కలిసిన నీటిలో. గుడ్లున్న తల్లి నది వెంట కిందికి దిగి, సముద్రపు పోటు తగిలే మొగల వద్దకు చేరుతుంది. పొట్ట కింద అంటుకొని ఉన్న గుడ్లు మొదట నారింజ రంగులో ఉండి, పొదిగే సమయానికి బూడిద రంగుకు మారతాయి. సుమారు మూడు వారాలకు లార్వాలు బయటికొస్తాయి. నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు, బ్యారేజీలు ఈ రాకపోకలను దెబ్బతీశాయి. వేంబనాడ్ కాయలుపై 1970లలో పూర్తయిన తణ్ణీర్‌ముక్కం కట్ట అందుకు బాగా తెలిసిన ఉదాహరణ.

లార్వాకు ఉప్పు అవసరమన్న సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. మలేసియాలోని పెనాంగ్‌లో పనిచేసిన శాస్త్రవేత్త షావో వెన్ లింగ్ 1960ల మొదట్లో దాన్ని గుర్తించి, లార్వాను పూర్తి పిల్లగా పెంచగలిగారు. అక్కడి నుంచి తీసుకెళ్లిన తల్లి రొయ్యలతో హవాయిలో తకుజీ ఫుజిమురా పెద్ద ఎత్తున పిల్లల ఉత్పత్తికి పద్ధతి రూపొందించారు. నేటి హ్యాచరీలన్నిటికీ పునాది అదే.

హ్యాచరీలో లార్వాను సుమారు 12 పీపీటీ ఉప్పదనం ఉన్న నీటిలో, 28 నుంచి 31 డిగ్రీల వేడిమిలో ఉంచుతారు. పుట్టినప్పుడు దాని పొడవు దాదాపు రెండు మిల్లీమీటర్లు. తలకిందులుగా, తోక ముందుకు పెట్టి ఈదుతుంది. 11 దశలు దాటి పోస్ట్ లార్వాగా, అంటే రైతులు పీఎల్ అని పిలిచే చిన్న రొయ్యగా మారడానికి వేడిమిని, మేతను బట్టి 16 నుంచి 35 రోజులు పడుతుంది. ఒకే తొట్టెలో కొన్ని 20 రోజులకే మారితే మరికొన్ని నెల దాటినా లార్వాగానే ఉండిపోతాయి. ఈ తేడాకు మేత అందకపోవడం ఒక పెద్ద కారణం.

ఆర్టీమియా, తర్వాత కస్టర్డ్

పుట్టిన తొలిరోజు లార్వా తన ఒంట్లోని పచ్చసొన నిల్వతో గడుపుతుంది. రెండో రోజు నుంచి బయటి మేత కావాలి. ఇక్కడొక ఇబ్బంది ఉంది. లార్వా వేటాడదు. మేత కోసం వెతుక్కుంటూ పోదు. ఈదుతున్నప్పుడు తగిలినదాన్ని మాత్రమే పట్టుకుంటుంది. కాబట్టి మేత నీళ్లలో అన్నివైపులా, అన్నివేళలా తేలుతూ ఉండాలి. తొట్టెలో గాలి బుడగలు ఆగకుండా వదలడం ఊపిరి కోసమే కాదు, మేతను అడుగుకు చేరనివ్వకుండా కలియబెట్టడం కోసం కూడా.

ఈ అవసరానికి సరిగ్గా సరిపోయే జీవి ఆర్టీమియా. ఇది ఉప్పు సరస్సుల్లో పెరిగే అతిచిన్న జీవి. అమెరికాలోని యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి సేకరించిన దీని గుడ్లు ఎండబెట్టి డబ్బాల్లో ప్రపంచమంతా అమ్ముడవుతాయి. ఉప్పునీటిలో వేస్తే ఒక రోజులో పొదుగుతాయి. అప్పుడే పుట్టిన ఆర్టీమియా పిల్ల అర మిల్లీమీటరుకు మించదు. కదులుతుంది కాబట్టి అడుగుకు పోదు. 12 పీపీటీ నీటిలో బతికే ఉంటుంది కాబట్టి కుళ్లదు. లార్వా తొట్టెలో మిల్లీలీటరుకు ఒకటి నుంచి అయిదు చొప్పున ఇవి ఉండేలా చూస్తారు.

ఆర్టీమియా విలువ తాజాదనంలో ఉంది. పుట్టినప్పుడు దాని ఒంట్లో ఉండే పోషక నిల్వ గంటలు గడిచేకొద్దీ తరిగిపోతుంది. అందుకే రోజుకు ఒకసారి పొదిగించి రెండు రోజులు వాడుకునే హ్యాచరీలో లార్వాకు కడుపు నిండుతుంది గాని ఒంటికి పట్టదు. కొన్ని హ్యాచరీలు ఆర్టీమియాకు చేపనూనె కలిపిన మేత తినిపించి, ఆ తర్వాత లార్వాకు వదులుతాయి. దీనివల్ల లార్వాకు అవసరమైన కొవ్వు ఆమ్లాలు అందుతాయి.

లార్వా పెరిగేకొద్దీ ఆర్టీమియా చాలదు. అంత చిన్న ముక్కలు ఎన్ని తిన్నా ఆకలి తీరదు. పైగా ఆర్టీమియా దిగుమతి సరుకు, ఖరీదైనది. అందుకే మొదటి వారం తర్వాత కస్టర్డ్ మొదలుపెడతారు. కోడిగుడ్డు, పాలపొడి, ఆల్చిప్పల మాంసం లేదా చేప మాంసం, కొద్దిగా చేపనూనె కలిపి రుబ్బి, ఆవిరి మీద ఉడికించి, జల్లెడ పట్టి తయారుచేసే మేత ఇది. జల్లెడ కన్ను లార్వా వయసును బట్టి మారాలి. మొదట్లో ముక్క 0.3 మిల్లీమీటర్లు ఉంటే, చివరికి ఒక మిల్లీమీటరు వరకు పెరుగుతుంది. పెద్ద ముక్కను చిన్న లార్వా పట్టుకోలేదు. చిన్న ముక్క పెద్ద లార్వాకు అందినా చాలదు. తినకుండా మిగిలిన కస్టర్డ్ తొట్టె అడుగున కుళ్లి అమ్మోనియాగా మారుతుంది. కాబట్టి పగలు కొద్దికొద్దిగా కస్టర్డ్ వేసి, అడుగు శుభ్రం చేసి, సాయంత్రం రాత్రంతా బతికుండే ఆర్టీమియాను వదలడం చాలా హ్యాచరీల్లో పాటించే క్రమం.

పీఎల్‌గా మారాక అలవాట్లన్నీ మారతాయి

పీఎల్ దశకు రాగానే పిల్ల తిన్నగా ఈదుతుంది, పాకుతుంది, దొరికిన అంచును పట్టుకొని కూర్చుంటుంది. కొన్ని గంటలపాటు ఉప్పదనాన్ని మెల్లగా తగ్గించి మంచినీటికి అలవాటు చేస్తారు. అప్పటి నుంచి ఆర్టీమియా అక్కరకు రాదు. మంచినీటిలో అది ఎక్కువసేపు బతకదు.

ఈ వయసు రొయ్య దొరికినదల్లా తింటుంది. నీటి పురుగులు, వాటి లార్వాలు, నాచు, గింజలు, నత్తల మాంసం, కుళ్లిన ఆకులు, వీటిలో దేన్నీ వదలదు. మీసాలతో తడిమి, ముందరి చిన్న కాళ్లతో పట్టుకొని, నెమ్మదిగా కొరుక్కు తింటుంది. గుళికను ఒక్కసారిగా మింగేసే చేపకూ దీనికీ ఉన్న తేడా ఇదే. నీళ్లలో పడిన వెంటనే కరిగిపోయే మేత చేపకు పనికిరావచ్చు గాని రొయ్యకు దండగ. తవుడు, వేరుశనగ చెక్క పొడిగా చల్లితే అందులో ఎక్కువ భాగం పిల్ల నోటికి చేరకుండా నీళ్లకు ఎరువవుతుంది. అదే మిశ్రమాన్ని ఉడికించి, ముద్దచేసి, ఎండబెట్టి ఒక మిల్లీమీటరు ముక్కలుగా నలిపి వేస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

మేతలో ఏముండాలి?

మాంసకృత్తులు: పిల్ల దశ మేతలో సాధారణంగా 35 నుంచి 40 శాతం ఉంచుతారు. పెరిగే దశలో 28 నుంచి 32 శాతానికి తగ్గిస్తారు. శాతంతో పాటు అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నదీ ముఖ్యమే. చేపపొడి, సోయా, వేరుశనగ చెక్క కలిసినప్పుడు ఒకదానిలోని లోటును మరొకటి పూరిస్తుంది.

పిండిపదార్థాలు: సముద్రపు రొయ్యలతో పోలిస్తే నీలకంఠ రొయ్య పిండిపదార్థాలను మెరుగ్గా అరిగించుకుంటుంది. నూకలు, తవుడు వంటి చవక సరుకులతో శక్తి అవసరం తీర్చి, ఖరీదైన మాంసకృత్తులను ఎదుగుదలకు మిగల్చవచ్చు. ఈ సాగు చిన్న రైతుకు అందుబాటులో ఉండటానికి ఇదొక కారణం.

కొవ్వులు: మేతలో అయిదు నుంచి ఏడు శాతం సరిపోతుంది. రొయ్యలు, పీతలు కొలెస్టరాల్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు. పెంకు విడవడాన్ని నడిపించే హార్మోను తయారీకి అది తప్పనిసరి. మేతలోని చేపపొడి, రొయ్య తలల పొడి, చెరువులోని చిన్న జీవులు దాన్ని అందిస్తాయి.

విటమిన్లు, ఖనిజాలు: విటమిన్ సి కిలో మేతకు సుమారు 100 మిల్లీగ్రాములు ఉండాలని పరిశోధనలు తేల్చాయి. ఉడికించినా, నిల్వ ఉంచినా ఈ విటమిన్ నశిస్తుంది కాబట్టి కంపెనీలు వేడికి తట్టుకునే రూపంలో కలుపుతాయి. పెంకుకు కావలసిన సున్నాన్ని రొయ్య మేత నుంచే కాక నీటి నుంచి కూడా తీసుకుంటుంది. నీటి కాఠిన్యం లీటరుకు 30 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మంచిది. మరీ కఠినమైన బోరు నీటిలో ఎదుగుదల మందగిస్తుంది.

బూజుపట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. వానాకాలంలో తేమ తగిలిన చెక్కను చవకగా వస్తుందని కొని పిల్లలకు పెట్టడం ఎప్పటికీ లాభసాటి కాదు.

గ్రాముల్లో లెక్క

పిల్ల దశలో రోజువారీ మేత మొత్తం బరువులో 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. రొయ్య పెరిగేకొద్దీ ఈ శాతం తగ్గుతూ, పెద్దయ్యాక రెండు మూడు శాతానికి చేరుతుంది. మాట వినడానికి సులువే. లెక్క వేసి చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది.

ఒక్కో పీఎల్ 0.01 గ్రాము తూగుతుందనుకుంటే 10 వేల పిల్లల మొత్తం బరువు 100 గ్రాములే. 20 శాతం చొప్పున రోజు మేత 20 గ్రాములు. నెలన్నర తర్వాత వాటిలో 8 వేలు మిగిలి ఒక్కోటి అర గ్రాముకు వచ్చిందనుకుంటే మొత్తం బరువు నాలుగు కిలోలు. ఇప్పుడు 10 శాతం చొప్పున రోజు మేత 400 గ్రాములు. పిల్లల సంఖ్య తగ్గినా మేత 20 రెట్లు పెరిగింది. మొదటి వారంలో దోసిళ్లతో చల్లేవాళ్లు నీళ్లను పాడుచేస్తారు. నెల దాటాక కూడా మొదటి వారం కొలతే పట్టుకొని కూర్చునేవాళ్లు పిల్లలను పస్తు పెడతారు.

ఇదే లెక్క నర్సరీ ఎందుకు అవసరమో కూడా చెబుతుంది. ఎకరం చెరువులో 50 వేల పీఎల్‌ను నేరుగా వదిలితే వాటికి తొలిరోజు కావలసింది 100 గ్రాముల మేత. దాన్ని చెరువంతా చల్లాలంటే ఒక్కో గ్రాము 40 చదరపు మీటర్ల మీద పడాలి. పిల్ల దూరం వెళ్లి మేత వెతుక్కోదు. అంటే నేరుగా పెద్ద చెరువులో వదిలిన పిల్లను తొలి రోజుల్లో బతికించేది సంచిలోని మేత కాదు, చెరువులో అప్పటికే ఉన్న సహజాహారం. అది లేని చెరువులో ఎంత ఖరీదైన మేత చల్లినా పిల్లకు అందదు. అందుకే చిన్న తొట్టెల్లోనో, వలతో కట్టిన హాపాల్లోనో, చిన్న మడుగులోనో నెల నుంచి రెండు నెలలు పెంచి, గట్టిపడ్డాక చెరువులోకి మార్చడం మేలు.

సహజాహారం తయారుకావాలంటే పిల్లను వదలడానికి ముందే చెరువును ఎండగట్టి, సున్నం వేసి, పశువుల ఎరువు తగుమాత్రంగా వేసి నీళ్లు పెట్టాలి. కొద్ది రోజుల్లో సూక్ష్మజీవులు, నీటి ఈగలు, అడుగు మట్టిలో ఎర్రటి పురుగులు పుడతాయి. సిమెంటు తొట్టెలో పనికిరాని నాసి మేత మట్టి చెరువులో ఫలితమివ్వడానికి కారణం ఇవే. మేతలోని విటమిన్లు, కొవ్వుల లోటును అవి భర్తీచేస్తాయి.

ఆకలి, పెంకు విడవడం, ఒకదాన్నొకటి తినడం

రొయ్య పెరగాలంటే పాత పెంకు విడవాలి. పెద్దవి వారాలకోసారి విడిస్తే పిల్లలు కొద్ది రోజులకోసారే విడుస్తాయి. రైతులు మోల్టింగ్ అనే ఈ సమయంలో ఒళ్లు మెత్తగా, కదలిక లేకుండా ఉంటుంది. పక్కన ఆకలితో ఉన్న మరో రొయ్యకు అదే మేత. నర్సరీలో కనిపించకుండా పోయే పిల్లల్లో పెద్ద వాటా ఇలా పోయినవే. చనిపోయిన పిల్ల కనిపిస్తే రైతు వ్యాధిని అనుమానిస్తాడు. తినేసిన పిల్ల ఆనవాలు ఉండదు కాబట్టి నష్టం జరిగినట్టే తెలియదు.

వేళకు మేత అందితే ఈ నష్టం తగ్గుతుంది. ప్రధానంగా రాత్రివేళ తిరిగే జీవి కాబట్టి రోజు మేతలో ఎక్కువ భాగం సాయంత్రం వేయాలి. నర్సరీలో మూడు నాలుగు సార్లుగా పంచాలి. ఒకేచోట పోయకుండా అంచుల వెంట, లోతు తక్కువ ఉన్నచోట్ల పలచగా చల్లాలి. పెంకు విడిచే రోజున రొయ్య తినదు. చెక్ ట్రేలో మేత మిగిలి, పక్కన ఖాళీ పెంకులు కనిపిస్తే కంగారుపడి మందులు వేయనవసరం లేదు. ఆ రోజుకు మేత తగ్గిస్తే చాలు. విడిచిన పెంకులను కూడా రొయ్యలే తింటాయి.

మేతతో సమానంగా అవసరమైనది దాపు. తాటాకులు, కొబ్బరి మట్టలు, పాత వలలు, వెదురు కొమ్మలు నీళ్లలో వేలాడదీస్తే పిల్లలు నిలువునా పరుచుకుంటాయి. మెత్తబడిన పిల్లకు దాక్కునే చోటు దొరుకుతుంది. ఆ ఆకుల మీద పెరిగే నాచు, చిన్న జీవులు అదనపు ఆహారం.

ఎంత మేత పెట్టినా అన్ని పిల్లలూ సమానంగా పెరగవు. కొన్ని ముందు పరుగెత్తి మిగతావాటికి రెండు మూడు రెట్ల బరువుకు చేరతాయి. మిగిలినవి వెనకబడతాయి. మేత తగవు ఒక్కటే దీనికి కారణం కాదు. పెద్దవాటి సమక్షంలోనే చిన్నవాటి ఎదుగుదల మందగిస్తుందని ప్రయోగాల్లో తేలింది. పెద్దవాటిని తీసేస్తే మిగిలినవాటిలో కొన్ని వేగం అందుకుంటాయి. నర్సరీ నుంచి మార్చేటప్పుడు సైజుల వారీగా వేరుచేసి వదలడం అందుకే.

నీళ్లు చెప్పే సంగతులు

మిగిలిన మేత నీళ్లలో అమ్మోనియాగా మారుతుంది, ప్రాణవాయువును తినేస్తుంది. తెల్లవారుజామున పిల్లలు గట్టు అంచులకు చేరుతుంటే ప్రాణవాయువు తగ్గిందని అర్థం. ఆ పూట మేత ఆపి నీళ్లు మార్చడమో, ఏరేటర్ పెట్టడమో చేయాలి. నీళ్లు చిక్కటి పచ్చరంగుకు తిరిగితే మధ్యాహ్నానికి పీహెచ్ తొమ్మిది దాటవచ్చు. అది చిన్న పిల్లకు ప్రమాదకరం. పీహెచ్ పెరిగినప్పుడు అమ్మోనియా విషప్రభావం కూడా పెరుగుతుంది. చెక్ ట్రేను మేత వేసిన రెండు గంటలకు తీసి చూసి, మరుసటి పూట కొలతను సవరించుకోవడం ఖర్చులేని జాగ్రత్త. సాగు నిర్వహణ ఖర్చులో అతిపెద్ద పద్దు మేతదే కాబట్టి ఆదా కూడా ఇక్కడే దొరుకుతుంది.

పొరుగు దేశాల అనుభవం

బంగ్లాదేశ్‌లోని ఖుల్నా, బాగేర్‌హాట్ ప్రాంతాల్లో వరిపొలాల చుట్టూ గట్లు కట్టి చేసే ఘేర్ సాగులో ఇదే రొయ్యను పెంచుతారు. అక్కడ దీని పేరు గల్దా. రైతులు చాలాకాలం నత్తల మాంసాన్ని ప్రధాన మేతగా వాడారు. రొయ్యకు అది ఎంతో ఇష్టమైన, బలమైన మేత. కానీ లక్షల నత్తలను ఏరేయడంతో చిత్తడి నేలల్లో వాటి సంఖ్య పడిపోయిందన్న ఆందోళన మొదలైంది. నదుల్లో రొయ్య పిల్లలను దోమతెర వంటి వలలతో పట్టడం వల్ల ఇతర చేపల పిల్లలు కూడా నశిస్తుండటంతో 2000లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. చవకగా దొరికే సహజ మేతకూ, సహజ విత్తనానికీ ఒక హద్దు ఉంటుందని ఆ అనుభవం తెలిపింది.

చైనాలో వరిపొలాల్లో, అమెరికాలోని లూసియానాలో విస్తారంగా పెంచే క్రేఫిష్ కథ వేరు. భారత్‌లో సహజంగా కనిపించని ఈ జీవికి నీటిలో తేలే లార్వా దశ లేదు. పిల్ల గుడ్డు నుంచి బయటికొచ్చాక రెండుసార్లు పెంకు విడిచేదాకా తల్లి పొట్టకు అంటుకొని ఉండి, చిన్న పెద్దరూపంగానే దిగుతుంది. ఆర్టీమియా అవసరమే రాదు. లూసియానాలో వరి కంకులు కోశాక మిగిలిన దుబ్బులు నీళ్లలో కుళ్లుతుంటే వాటిపై పుట్టే జీవజాలమే దానికి ప్రధాన ఆహారం. నీలకంఠ రొయ్య సాగులో హ్యాచరీ ఖర్చు, నైపుణ్యం ఎందుకంత కీలకమో ఈ పోలిక చెబుతుంది.

మేత చేయలేనిది

తెల్లతోక వ్యాధి లార్వాలను, పీఎల్‌ను, చిన్న పిల్లలను కొద్ది రోజుల్లోనే తుడిచిపెట్టగలదు. దీనికి కారణం వైరస్. పెద్ద రొయ్యలు చావకపోయినా వైరస్‌ను మోస్తూ గుడ్ల ద్వారా పిల్లలకు అంటిస్తాయి. ఆర్టీమియా కూడా దీన్ని మోయగలదని ప్రయోగాల్లో కనిపించింది. దీనికి మందు లేదు. మేతలో కలిపే ఏ పొడీ దీన్ని నయం చేయదు. పరీక్షించిన తల్లి రొయ్యలు, శుభ్రమైన హ్యాచరీ, పీసీఆర్ పరీక్ష చేయించి కొన్న పిల్ల, ఇవే రక్షణ.

భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి జలసాగు సంస్థ గుజరాత్, కేరళ, ఒడిశా రొయ్యల వంశాలను కలిపి, తరతరాలుగా ఎంపిక చేసి వేగంగా పెరిగే స్కాంపిని అభివృద్ధి చేసింది. అది ఒకప్పటి వంశ క్షీణతకు సమాధానం. అయితే మేలైన విత్తనం కూడా తొలి వారంలో ఆకలితో మాడితే మామూలు విత్తనంలాగే పోతుంది. నెల్లూరులో, గోదావరి, కృష్ణా డెల్టాల్లో మళ్లీ ఈ సాగు వైపు చూస్తున్న రైతు పిల్ల ధర అడిగేటప్పుడే ఆ పిల్ల హ్యాచరీలో ఎన్ని రోజులకు పీఎల్‌గా మారిందో, ఏం తిని పెరిగిందో అడగాలి. ఇంటికి తెచ్చాక తొలి నెల చిన్న నర్సరీలో, గ్రాముల తూకంతో, సాయంత్రపు మేతతో, తాటాకుల దాపులో గడపనివ్వాలి.